సిరిసిల్లలో చాయ్‌కి అరగంట

నా పేరు లసుమవ్వ. డెబ్బై ఆరేళ్లు. కోరుట్లలో కొడుకు రాజేశం, కోడలు సుజాత, మనుమరాలు స్రవంతితో ఉంటాను. చదువు రాదు కాబట్టి నేను చెప్తుంటే స్రవంతి ఫోన్‌లో పోస్టు రాస్తోంది.

ఈ రోజు పొద్దున మావాళ్లు కారులో మూడు రోజుల ప్రయాణం ఖాయం చేసుకున్నారు. ముందు జగిత్యాల ఖిల్లా, తర్వాత సిరిసిల్లలో చాయ్‌కి అరగంట, అక్కడి నుంచి మెదక్ కోట. సిరిసిల్లలోనే మా అక్క మంచం పట్టి ఉంది. చూసి రెండేళ్లయింది, తీసుకుపొమ్మని అడిగి అడిగి నా నోరు నొచ్చింది. ఈ రోజు మళ్లీ అడిగాను.

"టైం సరిపోదవ్వా. వీడియో కాల్ చేస్త తియ్యి," అన్నాడు రాజేశం.

"దానికి చెవులు ఇనవడయి, కండ్లు కనవడయి. చెయ్యి పట్టుకుంటెనే నేనని ఎరుకైతది. ఫోన్ల చెయ్యి ఎట్ల పట్టుకోవాల్రా?"

రాజేశం ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఎంతసేపు ఉంటవు మరి?" అన్నాడు.

"రెండు రోజులుంట. మీరు కోటలు చూసి మళ్లొచ్చేటప్పుడు ఎక్కించుకోర్రి."

"సరే," అన్నాడు.

పాత గోడలకు పూటలకు పూటలు ఇచ్చేవాళ్లను మనిషి కోసం ఇంత బతిమాలాలా? మీ ఇళ్లలో ఎట్లుందో చెప్పండి.

సంతకానికి బదులు కాగితం మీద వేలిముద్ర వేశాను, దాని ఫోటో కింద ఉంది. సాక్షులు సుజాత, స్రవంతి. రాజేశం సరే అన్నది ఇద్దరూ విన్నారు.