మూత లేని జేబు

ప్రొద్దుటూరులో పెళ్ళి ఫోటోలు తీసేవాళ్ళకు కొదవ లేదు. దత్తాత్రేయ పేరు మాత్రం ఒక్క విషయంలో నిలిచింది. తాళి కట్టే ఫోటో అతను ఎన్నడూ పోగొట్టుకోలేదు. ముడులు పడిపోయాక పెళ్ళికొడుకును పిలిచి "మళ్ళీ ఒకసారి పట్టుకో నాయనా" అని అడిగినవాడు కాదు. తక్కినవాళ్ళంతా అడుగుతారు. పెళ్ళికొడుకు ఆ తాడు రెండు కొసలూ పట్టుకుని కెమెరా వైపు పళ్ళు చూపిస్తాడు, వాళ్ళు తీసుకుంటారు, ఆల్బంలో అదే తాళి కట్టిన ఫోటో అయిపోతుంది.

దత్తాత్రేయ తండ్రి గురురాజారావు పురోహితుడు. చిన్నప్పుడు ఆయన వెంట దర్భలూ సమిధలూ మోసుకుని పెళ్ళిళ్ళకు తిరిగినందువల్ల, మంత్రం ఎక్కడిదాకా వచ్చిందో దత్తాత్రేయ చెవికి తెలిసిపోయేది. పురోహితుడు మేళంవాళ్ళకు చెయ్యి ఊపకముందే అతను మోకాలి మీద కూర్చునేవాడు. కెమెరా పని ఎవరూ నేర్పలేదు, పాడుచేసుకుంటూ నేర్చుకున్నాడు. తండ్రి ఆ పని గురించి చెప్పిన మాట ఒక్కటే. "తాళి ఒక్కసారి కట్టేదిరా. రెండోసారి కట్టించినావంటే అది నాటకం."

ఫోటో తీసేవాడికి ఉండేవి రెండు చేతులే. మండపమంతా పట్టే లెన్సు ఒకటి, ముడి దగ్గరికి పోయే లెన్సు ఒకటి. రెండో కెమెరా మెడలో వేసుకుంటే వంగినప్పుడల్లా ఊగి హోమం దగ్గరి నేతిగిన్నెను తంతుంది. అందుకని అతను ఒకే కెమెరాతో, భుజాన బ్యాగుతో చాలాకాలం నెట్టుకొచ్చాడు. జమ్మలమడుగులో ఒక పెళ్ళిలో ఆ బ్యాగు మండపం పక్కన పెట్టి అటు తిరిగితే, పెళ్ళికొడుకు మేనమామ, బాగా ఒళ్ళున్న మనిషి, కుర్చీ దొరక్క దానిమీద కూర్చున్నాడు. లోపల ఫ్లాష్ పటుక్కుమంది.

"ఏందిది, మెత్తగుండాదనుకుంటి" అన్నాడాయన, లేవకుండానే.

ఆ వారమే దత్తాత్రేయ మెయిన్ బజారు వెనక సందులో మెహతాబ్ దర్జీ దగ్గరికి పోయాడు. చేతుల్లేని కోటు కావాలన్నాడు. బూడిదరంగు మందపాటి గుడ్డ, నిండా జేబులు. ఎక్కడ ఏది ఉండాలో సుద్దముక్కతో గుడ్డ మీద తనే గీశాడు. మెహతాబ్ కళ్ళద్దాలు పైకెత్తి చూశాడు.

"ఇన్ని జేబులు యాలప్పా సామీ? దుడ్లుండేటోడు గూడా రెండే కుట్టిచ్చుకుంటాండాడు."

"నవ్వినకాడికి నవ్వి కుట్టు మెహతాబ్. జిప్పులొద్దు, అద్దం మీద గీతలు పడతాయి. అంటుకునే పట్టీలొద్దు, మంత్రం చదివేటప్పుడు చర్రుమంటాయి. గుండీలు పెట్టు."

"నడుము కాడ ఈ ఎడమది?"

"దానికి మూత వద్దు. తాళి కట్టేటప్పుడు దగ్గరి లెన్సు తీసేది దాంట్లోంచే. గుండీ విప్పేంత టైము ఉండదు. విప్పినది పెట్టే జేబు కుడిది, దానికి మూత పెట్టు."

"మూత లేకపోతే అది జేబు గాదు సామీ, హుండీ. దోవన పోయే ప్రతివాడూ ఏదో ఒగటి ఏసిపోతాడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. మెహతాబ్ మూత లేకుండానే కుట్టాడు. జేబులోపల పాత సీటు స్పాంజి పెట్టి, కుట్టు మీద కుట్టు వేశాడు. కోటు ఒంటికి అతుక్కుపోయినట్టు వచ్చింది.

టీ అంగడి దగ్గర కూడే ఫోటోగ్రాఫర్లు దాన్ని చూసి రెండు జట్లయ్యారు. పెళ్ళికి పోతాండావా, మిలిటరీకా అని ఒకరన్నారు. బరువు రెండు భుజాలకూ సమంగా పడుతుంది, నడుము నొప్పి రాదు, వేసుకోవాల్సిందేనని ఇంకొకరన్నారు. దత్తాత్రేయ వాదించలేదు. పెళ్ళిలో అతని ఎడమ చెయ్యి చూడకుండానే జేబులోకి పోయేది, లెన్సు మారేది, ముడి పడేది, ఫోటో పడేది. అతనికి అంతకుమించిన వాదన అక్కర్లేదు.

ఒక్క చిక్కు వచ్చింది. తలంబ్రాలు పోసినప్పుడు ఆ మూత లేని జేబులో బియ్యం పడేవి. వాటి వెనకే మనుషులు కూడా మొదలుపెట్టారు. పెళ్ళికూతురి తల్లి కుంకుమ భరిణె వేసేది, ఎవరో పెద్దాయన కళ్ళజోడు వేసేవాడు. "సామీ, రొంత పట్టుకో" అనేవాళ్ళు. అతను ఊ అనేవాడు. పని అయ్యాక ఎవరిది వాళ్ళకు ఇచ్చేవాడు. అయినవాళ్ళలో ఒకణ్ణిగా చూస్తున్నారులే అనుకుని లోలోపల సంతోషించాడు కూడా.

పులివెందులలో నారాయణ కూతురు సుప్రియ పెళ్ళి జరిగింది. పెద్ద సేద్యం ఉన్న ఇల్లు, ఊరంతా వచ్చింది. మంత్రం సగానికి రాగానే దత్తాత్రేయ దగ్గరి లెన్సు తీసి కెమెరాకు బిగించి, విప్పినది కుడి జేబులో పెట్టి గుండీ వేశాడు. గట్టిమేళం మోగింది. పెళ్ళికూతురి వెనక జడ ఎత్తి పట్టుకున్న ఆడవాళ్ళ సందులో తల దూర్చి మూడు ముళ్ళూ పట్టాడు. ఇక ఆ రోజుకు ఎడమ జేబుతో పని లేదు.

భోజనాల వేళ పెళ్ళికూతురి భుజానుండే బంగారు వంకీ కనబడలేదు. మొదట పూలు కట్టేవాళ్ళను నిలబెట్టారు, తర్వాత వంటవాళ్ళను. ఆ తర్వాత నారాయణ దత్తాత్రేయ దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు.

"సామీ, తప్పుగా అనుకోవాకు. నీ మీద మాకేం అనుమానం ల్యా. అందరివీ చూసినాం గాబట్టి, ఊరకే ఒగసారి ఆ జేబులు…"

"చూడప్పా, దాంట్లో ఏముంది" అన్నాడు దత్తాత్రేయ.

ఎవరి చేతా తడిమించుకోకూడదని తనే మొదలుపెట్టాడు. బల్ల మీద తువ్వాలు పరిచి, ఒక్కొక్క గుండీ విప్పి బ్యాటరీలు, కార్డులు, లెన్సు వరసగా పెట్టాడు. తన సామాను అంత శుభ్రంగా ఉండటం నలుగురూ చూస్తున్నారని కొంచెం గర్వంగా కూడా అనిపించింది. చివరికి ఎడమ జేబు. చెయ్యి పెట్టి గుప్పెడు తలంబ్రాలు తీశాడు. రెండోసారి పెట్టినప్పుడు చల్లగా తగిలింది. పసుపు బియ్యంతో పాటు వంకీ బయటికొచ్చింది.

తీసింది అతని చెయ్యే.

"ఇదేంది సామీ?" అన్నాడు నారాయణ.

"నాకు తెలీదప్పా."

"నీ జేబే గదా?"

వెనకనుంచి ఎవరో కోటు పట్టి గుంజారు. మెహతాబ్ కుట్టు పోలేదు, మనిషే వెనక్కి తూలాడు. సామీ అని పిలుస్తూనే తిడుతున్నారు. ఎదురుగా ఒక కుర్రాడు ఫోను ఎత్తి పట్టుకుని ఉన్నాడు. తను నిలబడాల్సిన చోటులో, సరిగ్గా వెలుతురు పడే వైపున.

ఆ అరుపులకు లోపలి గదిలో మాత్ర వేసుకుని నిద్రపోతున్న వెంకటరమణమ్మ, నారాయణ తల్లి, లేచి వచ్చింది.

"ఏందిరా ఆ రచ్చ? వంకీనా? అది నేనే ఏస్తి గదరా! పిల్లకు భుజం కోసకపోతాందంటే మర ఊడదీసి సామి జేబులో ఏస్తి. పట్టుకో సామీ అని చెప్పి మరీ ఏస్తి."

"మేళంలో నాకు ఇనపల్యామ్మా" అన్నాడు దత్తాత్రేయ.

"ఓయవ్వా, పెండ్లి పెటాకులు చేస్తాంటివి గదే!" అని ఎవరో అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. కోటు గుంజినవాడు కూడా నవ్వాడు. నారాయణ భుజం తట్టి "ముసిల్ది సామీ, మనసులో పెట్టుకోవాకు. భోంచేసి పో, మొదటి బంతిలోనే కూర్చో" అన్నాడు. దత్తాత్రేయ గుండీలు పెట్టుకుని, అప్పగింతల దాకా ఫోటోలు తీశాడు. భోంచేయలేదు. అది ఎవరూ గమనించలేదు.

అతనికంటే ముందు వీడియో ప్రొద్దుటూరు చేరింది. గుప్పెడు బియ్యం, వెనకే వంకీ, "నీ జేబే గదా?" అన్న మాట, కోటు గుంజడం, అక్కడితో అయిపోయింది. కుర్రాడు కావాలని కోయలేదు. అవ్వ వచ్చేసరికి ఇక చూడాల్సిందేమీ లేదనుకుని ఆపేశాడు. నారాయణకు ఫోను చేసి, జరిగింది నలుగురికీ చెప్పమని అడిగాడు దత్తాత్రేయ.

"అడిగినోళ్ళకు చెప్తాం గదా సామీ. మనమే పోయి చెప్తే ఏం బాగుంటాది?"

అడిగినవాళ్ళు ఎవరూ లేరు. టీ అంగడిలో, కోటు వేసుకోకూడదన్న జట్టు గెలిచింది. మేం అప్పుడే చెప్పినాం గదా అన్నారు.

ఒప్పుకున్న పెళ్ళిళ్ళు కొన్ని తప్పిపోయాయి. మిగిలినవాటిలో రాజుపాలెం కొండయ్య కూతురి పెళ్ళి ఒకటి. ముందురోజు కొండయ్య ఫోను చేశాడు.

"సామీ, నువ్వు తప్పకుండా రావాల. ఆ జేబుల కోటు మాత్రం ఏసుకోని రావాకు. మేమేం అనుకోల్యా. ఇంట్లో ఆడోళ్ళు…"

"సరేలేప్పా."

ఆ సాయంత్రం అతను మెహతాబ్ అంగడికి పోయి, తన చొక్కా జేబు కూడా విప్పెయ్యమన్నాడు. మెహతాబ్ బ్లేడుతో కుట్లు ఒక్కొక్కటే కోశాడు. జేబు ఉన్నచోట గుడ్డ ముదురు రంగులో మిగిలిపోయింది.

"హుండీ అని నేను ఊరకే నవ్వులాటకంటి సామీ. కోటుకు ఇప్పుడన్నా మూత కుట్టి ఇస్తా, తే."

"ఇంగ దాన్ని ఏసుకునేదెప్పుడులే."

రాజుపాలెంలో అతను లెన్సులను లోపలిది కనబడే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మండపం కొసన, అందరికీ తెలిసేలా ఉంచాడు. పెళ్ళికూతురి గదిలోకి పోతే, ఒకామె నగల పెట్టె మెల్లగా తన ఒళ్ళోకి జరుపుకుంది. జరుపుకుంటూ "రా సామీ, కూర్చో" అంది.

మంత్రం సగానికి వచ్చింది. చెవి చెప్పింది. ఎడమ చెయ్యి దానంతట అదే నడుము దగ్గరికి పోయింది. అక్కడ ఏమీ లేదు. లేచి, మండపం కొసకు పోయి, డబ్బా తెరిచి, లెన్సు తీసి వెనక్కి తిరిగేసరికి గట్టిమేళం మోగుతోంది, అక్షింతలు పడుతున్నాయి, ఆడవాళ్ళు గోడలా నిలబడ్డారు. భుజాల మీదినుంచి చేతులెత్తి కెమెరా నొక్కాడు. తర్వాత చూసుకుంటే ఒక మోచెయ్యి ఉంది, ఎవరిదో కొప్పు ఉంది, కింద వంచిన పెళ్ళికూతురి పాపిట ఉంది. పెళ్ళికొడుకు చేతులు అప్పటికే ఒళ్ళోకి వచ్చేశాయి.

"తాళి పడిందా సామీ?" అన్నాడు కొండయ్య.

పడిందనొచ్చు. ఆల్బం చేతికొచ్చేదాకా ఎవరికీ తెలియదు.

"పడల్యా" అన్నాడు దత్తాత్రేయ.

"దానికేముందిలే! మల్లా పట్టుకుంటాడు, తీయి. అందరూ అట్లనే తీస్తాండారు గదా. ఒరే అల్లుడా, ఇట్లా తిరుగు!"

పెళ్ళికొడుకు ఉత్సాహంగా తిరిగాడు. అక్కడి పురోహితుడు దత్తాత్రేయ తండ్రిని ఎరిగినవాడు. ఒకసారి దత్తాత్రేయ వైపు చూసి, చూపు తిప్పుకుని కొబ్బరిచిప్పలు సంచిలో సర్దుకోసాగాడు. అందరూ కెమెరాకు అడ్డం తొలిగారు. అతను చెప్పాల్సిన మాట కోసం ఎదురు చూస్తున్నారు.

"మళ్ళీ ఒకసారి పట్టుకో నాయనా" అన్నాడు దత్తాత్రేయ. "రొంత పైకి. ఇటు చూడు. నవ్వమ్మా."

పెళ్ళికొడుకు పళ్ళు చూపించాడు. పెళ్ళికూతురు నవ్వింది. మధ్యలో ఎవరి మోచెయ్యీ లేదు, ఎవరి తలా లేదు, వెలుతురు నిండుగా ఉంది. ఫోటో శుభ్రంగా వచ్చింది. అంత శుభ్రమైన తాళి ఫోటో అతను అంతకుముందు ఎన్నడూ తీయలేదు.