ఒక గుంజ తీసేముందు

ఆ రోజుల్లో నాకు తెలిసింది గోరంత, గొంతు మాత్రం గని సైరనంత. సైరనైనా షిఫ్టు మారేటప్పుడే కూసేది, నాకు ఆ నియమం కూడా లేదు. మనస్తత్వ శాస్త్రంలో ఎం.ఏ. పట్టా పుచ్చుకుని, ఎవరి మనసులో ఏముందో అడిగినవాళ్లకు (అడగనివాళ్లకు కూడా) చెప్పడానికి సిద్ధంగా ఉన్న నన్ను, యూనివర్సిటీలో తాగుడు, మత్తుమందుల మీద పరిశోధన చేసే విభాగంవాళ్లు ఊళ్లలో తిరిగే ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఇంటర్వ్యూలో వాళ్లడిగిన ప్రశ్నే తప్పని వాదించాను. బల్లకు అటువైపు కూర్చున్న ముగ్గురిలో ఇద్దరు తలలు పట్టుకుంటే, మూడో ఆయన మాత్రం "ఈ అమ్మాయి మాటలు వినడం కన్నా తాగుడు మానెయ్యడమే సుఖమనుకుని మానేస్తారు, తీసుకుందాం" అన్నారట. ఆయనే మా ప్రాజెక్టుకు పెద్ద. అంకె లేని మాట ఆయన చెవికెక్కదు కనుక మేమంతా లెక్కల సారు అనేవాళ్లం. ఆయన నన్ను మా గోదావరిఖనికే పంపించారు. "నీ ఊరే కదమ్మా, అందరూ తెలిసినవాళ్లే, నీ దగ్గరేమీ దాచరు" అన్నారు. (కాలనీ క్వార్టర్లలో పెరిగినవాళ్లెవరూ ఇలాంటి మాట అనరు. ముక్కూ మొహం తెలియనివాడికి చెప్పే నిజం ఎవరైనా పక్కింటి పిల్లకు చెబుతారా?)

చెయ్యాల్సిన పని చూడటానికి చిన్నదే. తాగుడు మానాలని ఉన్నవాళ్లను పోగెయ్యాలి, వారం వారం కూర్చోబెట్టి మాట్లాడాలి, ఆ మాటల వల్ల తాగుడు తగ్గుతుందో లేదో చూడాలి. అయితే యూనివర్సిటీలో అనుమతి కాగితం ఒక్కో బల్ల దగ్గరా ఆగి ఆగి వచ్చేసరికి కార్తీకమాసం వచ్చేసింది. కార్తీకంలో మా బొగ్గుబాయిల ఊళ్లు ఎలా ఉంటాయో యూనివర్సిటీ క్యాలెండరుకు తెలియదు. సగం కాలనీ అయ్యప్ప మాలలో ఉంది. నిన్నటిదాకా గోడ పట్టుకుని ఇల్లు చేరినవాళ్లు తెల్లారకముందే చన్నీళ్లు పోసుకుని, నల్లబట్ట కట్టి, నుదుటినిండా విభూతితో "స్వామి శరణం" అంటూ ఎదురొస్తున్నారు. గనిలో పైఅధికారి కూడా "ఆ బొగ్గు టబ్బు ఇటు నెట్టు స్వామీ" అంటున్నాడట. మందు షాపు మెట్ల మీద ఒక కుక్క నిశ్చింతగా నిద్రపోతోంది. తాగేవాడి కోసం నేను తిరగని క్వార్టర్ల లైను లేదు. చివరికి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, దొరకడం లేదని చెప్పాను. లెక్కల సారు నమ్మలేదు. "గోదావరిఖనిలో తాగేవాళ్లు దొరకడం లేదా? అమ్మా, నువ్వు నిజంగా ఏ ఊళ్లో దిగావు? బోర్డు చదివావా?" అన్నారు.

దొరక్కపోతేనేం, నిన్నటిదాకా తాగినవాళ్లే కదా అని, మాల వేసుకున్నవాళ్లు సాయంత్రం భజనకు కూర్చునే పందిరికే వెళ్లాను. నా దగ్గరొక రంగుల చార్టు ఉండేది, దాని మీద రెండు కాలేయాలు: ఆరోగ్యంగా ఉన్నదొకటి, తాగి తాగి పాడైనదొకటి. దాన్ని గుంజకు తగిలించి ఉపన్యాసం ఎత్తుకున్నాను. మంచి ఊపులో ఉండగా వెనకనుంచి ఒక స్వామి చెయ్యెత్తాడు. "గీ కార్జం మేకదా బిడ్డా, గొర్రెదా?" పక్కవాడు మోచేత్తో పొడిచి "మాల మీద గదేం మాటరా" అన్నాడు. "తినుడు బందు గని, అడుగుడు బందు గాదు గదా!" అని ఇతని జవాబు. పందిరంతా నవ్వింది, నేను తప్ప.

ఆ పందిరికి పెద్ద ఒక గురుస్వామి, నాకు కాక వరస. ఉడుకుమోత్తనంతో ఆయన మీదికి వెళ్లాను. "కాకా, మాల మీద గింతమంది చుక్క ముట్టరు గదా, తీసినంక ఏమైతది మీకు?" అని అడిగితే, "మాల మీద అయ్యప్ప ఉంటడు బిడ్డా" అన్నాడు. "మరి మిగిలిన నెలలు అయ్యప్ప సెలవు మీద పోతడా?" అన్నాను. కాక చెవులు మూసుకున్నాడు. "సర్దార్ బిడ్డవని ఊకుంటున్న." (మా నాన్న గనిలో సర్దార్, ఒక జట్టుకు పెద్ద.) "ముందుగాల నీ నోటికొక మాల వెయ్యాలె."

ఆ రోజు నవ్వినవాళ్లలో మా మేనమామ కూడా ఉన్నాడు. గనిలో ఆయన టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. ఏటా మాల వేస్తాడు, వేసినన్నాళ్లూ దేవుడే. మాల తీసిన మర్నాటి సాయంత్రానికి షాపు దగ్గర తేలతాడు, ఆ తర్వాత మేం వెతుక్కోవాలి. ఆ ఏడు మా అత్త పిల్లల్ని తీసుకుని మందమర్రిలో తల్లిగారింటికి వెళ్లిపోయింది. నేను వెళ్లి, ఇప్పుడు తాగడం లేదు రమ్మన్నాను. "మాల మీద మంచిగనే ఉంటడు, నాకెరుక లేదా? గప్పుడు నన్ను గూడ మాతా అంటడు" అంది అత్త, బియ్యం చెరగడం ఆపకుండానే. "మాల తీసినంక మొదటి పొద్దు తాగకుంట గడువని. తెల్లారి మొదటి బస్సుకు నేనే వస్త. తాగిండా, ఇగ రాను. నీ యూనివర్సిటీకి గూడ గిదే చెప్పు." మా చుట్టాలందరిలో నా నోటికి లొంగనిది అత్త ఒక్కతే. ఆమె రానంటే రాదు.

ఆ మాట మామకు చేరవేశాను. ఆయన చాలాసేపు మెడలో పూసలు తిప్పుకుంటూ కూర్చున్నాడు. "కోడలా," అన్నాడు (మాలలో ఉన్నప్పుడు మాతా అనాలి, మరిచిపోయాడు), "నాకు మాల తియ్యాలంటె భయమైతంది. మాల మీద ఉంటె పొద్దుగూకినంక ఏడికి పోవాల్నో ఎరుక. తీసినంక కాళ్లు వాటికి ఎరుకున్న కాడికి పోతయ్." నా చార్టులో కాలేయాలే ఉన్నాయి, కాళ్లు లేవు.

అక్కడ లెక్కల సారేమో పండగ చేసుకుంటున్నారు. వారం వారం పందిట్లో కూర్చోబెట్టి నేను మాట్లాడుతున్నాను, ఒక్కరూ తాగడం లేదు. "సున్నా అమ్మా, సున్నా! నా సర్వీసులో ఇంత అందమైన సున్నా చూడలేదు. మాటకున్న శక్తి చూశావా?" అన్నారు ఫోన్లో. "మాటది కాదు సార్, మాలది. ఇంకా చెప్పాలంటే పందిరిది. పొద్దుగూకేసరికి పోవడానికొక చోటు, స్వామీ అని పిలిచే మనిషి, కాస్త ఫలహారం. అవి పోతే మీ సున్నా కూడా పోతుంది" అన్నాను. "పందిరికి నేనెక్కడ అంకె వెయ్యనమ్మా? నా పద్ధతి మీద నీకు నమ్మకం లేదు. నేనే వచ్చి చూస్తాను" అని పెట్టేశారు.

స్వాములు శబరిమల వెళ్లి తిరిగొచ్చారు, మాలలు తీశారు. మర్నాడు సాయంత్రం నేను పందిరి దగ్గరికి వెళ్లేసరికి చాపలు చుట్టేసి ఉన్నాయి, టెంట్‌హౌస్ భాయ్ తన మనుషులతో తాళ్లు విప్పిస్తున్నాడు. "భాయ్, పందిరెందుకు విప్పుతున్నరు?" అన్నాను. "పూజ ఖతం, పందిరి ఖతం. నస్పూర్ల వలీమా ఉన్నది బేటీ, గుంజలు జల్ది పోవాలె." "గీ ఒక్కనాడు ఉండనియ్యిండ్రి." "మరి పెండ్లి దావతుకొచ్చినోళ్లను ఎండల కూసోవెట్టాల్నా?" జవాబు లేనప్పుడు కూడా వాదించడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. దగ్గరున్న గుంజను రెండు చేతులా కావలించుకుని "పీకితె నన్ను గూడ పీకుండ్రి!" అని అరిచాను. (ఎం.ఏ.లో ఈ పద్ధతి ఎక్కడా చెప్పలేదు.)

అది మొదటి షిఫ్టువాళ్లు స్నానాలు చేసి, తలలు దువ్వి, ఎక్కడికీ పోనట్టు నటిస్తూ షాపు వైపు నడిచే వేళ. ఒక్కొక్కరే ఆగారు. వాళ్లలో మామ ఉన్నాడు. చెయ్యి మాటిమాటికీ మెడ దగ్గరికి పోతోంది, పూసలు లేకపోయేసరికి దిగుతోంది. సరిగ్గా అప్పుడే లెక్కల సారు జీపు దిగారు. దూరాన్నుంచే "ఆమె ఏం చేస్తోందక్కడ?" అని అడిగారట. "గామె గంతే సార్, చిన్నప్పటిసంది గంతే. ఇంతకు మీరెవలు?" అన్నాడట మా గురుస్వామి కాక. సారు నన్ను విడిపించాలని పందిరి కిందికొచ్చారు. నేను ఆయనతో కూడా వాదన పెట్టుకున్నాను. ఇంతలో మా గొడవతో నిమిత్తం లేని భాయ్ పనివాడొకడు అటుచివర గుంజను ఊడబెరికాడు.

కప్పు మూలిగింది. ఎండిన బంతిపూలూ దుమ్మూ సారు తల మీద రాలాయి, తాటాకు మా ఇద్దరి మీదికి వంగింది. "ఆగూ!" అని ఒక గొంతు వినబడింది. గనిలోపల, భూమి కింద వాడే గొంతు అది. "ఎవడ్రా గుంజ తీసింది? ఒక్కటి తీసేముందల ఇంకోటి వెట్టాలెనని తెల్వదా? కింద మనుషులున్నరు!" మామ ఒక్క దూకులో వచ్చి దూలం కింద భుజం పెట్టాడు. "కోడలా, కదలకు. సారూ, నువ్వు ఇటు జరుగు. అరె, గా బొంగు అందియ్యిండ్రి!" షాపు వైపు బయల్దేరినవాళ్లందరూ, ఎవరూ పిలవకుండానే, తలో చెయ్యీ వేసి పందిరి ఎత్తిపట్టారు.

చెవి మీద బంతిపువ్వుతోనే లెక్కల సారు అడిగారు, "ఏమన్నావు బాబూ? మళ్లీ చెప్పు." మామ సిగ్గుపడ్డాడు. "బాయిల ఖాయిదా సార్. కప్పు కింది గుంజ తియ్యాలంటె, పక్కకు కొత్తది వెట్టినంకనే పాతది తియ్యాలె. లేకుంటె మీద..." అని, అక్కడ ఆగిపోయాడు. చెయ్యి మళ్లీ మెడ దగ్గరికి వెళ్లింది. "నేను ఫోన్లో మొత్తుకున్నది ఇదే కదా సార్!" అన్నాను. సారు మొదటిసారి నాకు ఎదురు చెప్పలేదు.

పందిరి ఉంచి, మాల తీసినవాళ్లు కూడా రోజూ సాయంత్రం వచ్చి కూర్చోవాలన్నాను. ఇక చూడాలి పంచాయితీ! నా వలీమా ఏం గావాలె అని భాయ్, మాల లేనోళ్లు దేవుని పందిట్ల ఎట్ల కూసుంటరని కాక, దేవునికి లేని అభ్యంతరం నీకేందని నేను. కాక భార్య ఇదంతా తెగేది కాదని గ్రహించి తపేలాడు అటుకులు పోపు పెట్టి తెచ్చింది. మామ మాత్రం మాట్లాడకుండా బొంగులు తెప్పించి, గని ఖాయిదా ప్రకారం భాయ్ గుంజ పక్కన ఒక బొంగు పాతడం, గుంజ తీసి భాయ్‌కివ్వడం, ఇలా పందిరి చుట్టూ తిరిగాడు. గుంజలన్నీ వలీమాకు వెళ్లిపోయాయి, పందిరి అక్కడే ఉంది. అప్పటికి షాపు మూసేశారు. ఆ సాయంత్రం కుక్కనెవరూ మెట్ల మీదినుంచి లేపలేదట.

తెల్లారి మొదటి బస్సుకు అత్త దిగింది. గడప దాటకుండానే మామ మొహం దగ్గర ముక్కు పెట్టి గాలి పీల్చింది. "రాత్రి ఏం తిన్నవ్?" "అటుకులు." "ఎవలు వెట్టిన్రు?" "గురుస్వామి ఇంటామె." అప్పుడు సంచీ లోపల పెట్టింది.

అందరూ మానేశారని చెబితే అబద్ధమే. కొందరు షాపుకు పోయారు, కొందరు పోయి తిరిగొచ్చారు, మామ కూడా నడుమ జారి, తల వంచుకుని వచ్చి మళ్లీ చాప మీద కూర్చున్నాడు. కానీ పందిరి నిలబడింది, సాయంత్రం కాగానే మనుషులొచ్చారు. నా మాటల బలంతోనే వస్తున్నారని చాలాకాలం మురిశాను. "ఇయ్యాల సర్దార్ బిడ్డ ఎవలతోని లొల్లి వెట్టుకుంటదో సూద్దమని" వచ్చేవాళ్లని తర్వాత తెలిసింది. పోనీలెండి, ఏ మందైతేనేం.

ఇప్పుడు అదే విభాగంలో బల్లకు అటువైపు నేను కూర్చుంటున్నాను. మొన్న ఒక పిల్ల ఇంటర్వ్యూకొచ్చి, నేనడిగిన ప్రశ్నే తప్పంది. తల పట్టుకున్నాను, తర్వాత తీసుకున్నాను. ఊళ్లకు పంపేముందు చార్టులవీ ఏమీ ఇవ్వలేదు, సాయంత్రాలు ఎవరు ఎక్కడ కూర్చుంటారో చూసి రమ్మన్నాను. నాకు ఇప్పుడు ఎదుటివాళ్ల మాట పూర్తిగా వినడం వచ్చింది. మంచిదే. అయినా, గుంజను కావలించుకుని అరిచిన ఆ పిల్ల ఉంటే బాగుండుననిపించే మీటింగులు లేకపోలేదు. ఏటా మాల తీసిన మర్నాడు సాయంత్రం పందిరి దగ్గరినుంచి మామ ఫోన్ చేస్తాడు. ఇప్పుడది రేకుల పందిరి, మామ రిటైరయ్యాడు, వెనక అత్త ఎవరినో కేకలెయ్యడం వినిపిస్తూ ఉంటుంది. ఈసారి కూడా అదే ప్రశ్న: "కోడలా, ఇయ్యాల ఎవలతోని కొట్లాడినవ్?"

"ఎవరితోనూ లేదు మామా."

మామ కంగారుపడ్డాడు. "అయ్యో, పానం బాగలేదా బిడ్డా?"