అత్త ఆగిన చోట

ఆమె గుర్తొస్తే నాకిప్పటికీ కూర్చున్న చోట కూర్చోబుద్ధి కాదు.

ఆర్మూర్‌లో మేం అద్దెకున్న ఇంటికీ వాళ్ళింటికీ నడుమ ఒకటే గోడ. ఆ ఇంట్లో ఉండే అత్తాకోడళ్ళలో అత్త, బతుకమ్మ ఆటలో మా గల్లీకంతా ముందు పాడే మనిషి. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. డాక్టర్ మాట ఇక రాదన్నాడు గాని, పాట సంగతి చెప్పలేదు.

ఊరంతా పసుపు ఉడికే వాసన కొడుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం గోడవతల పాట మొదలైంది.

"బువ్వ యాళ్ళాయెనే ఉయ్యాలో..."

అన్నం వేళైందనే ఆ ఒక్క చరణమే. పాడి ఆగేది, ఎదురుచూసేది, మళ్ళీ అదే. మంచం మీద నిలవక గోడ పట్టుకుని తిరిగేది. రోజూ అంతే.

బీడీలు చుట్టే కోడలు చాట పక్కన పెట్టి కంచం తెచ్చేది. అత్త దాన్ని తోసేసి మళ్ళీ పాడేది.

"పండుగ గాని నాడు గీ పాటేంది? పిచ్చి లేసిందని గల్లీ అంత నవ్వుతున్నరు," అంది కోడలు, ఒకనాడు నేను వాళ్ళింటికి పోతే, మళ్ళీ చాట ముందు కూర్చుంటూ.

అప్పుడు తట్టింది నాకు. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు మిగతావాళ్ళు మొదటి చరణం తిరిగి అందుకున్నాకే కదా, ముందు పాడే ఆమె రెండోది పాడేది.

"అక్కా, ఆమె నీ కోసమే ఆగుతున్నది. జర ఒక్కసారి అందుకో."

కోడలు తల ఎత్తలేదు. ఆకు చుడుతూనే, విసుగ్గా, రాగంలోనే అంది.

"బువ్వ యాళ్ళాయెనే ఉయ్యాలో..."

అత్త కాళ్ళు ఆగాయి. కంచం కోడలి వైపు జరిపింది.

"నువు తిన్నవా బిడ్డ ఉయ్యాలో..."