మేనత్త పట్టిన తాడు

మునిగిన ఓడల్లోకి దిగి సామాను పైకి తీయించడం మా మావయ్య పని. పడవలోని పంపు నుంచి రబ్బరు గొట్టంలో గాలి అందేది. నడుముకో తాడు. దాని రెండో కొస మా మేనత్త చేతిలో ఉండేది. కింద నుంచి ఒకసారి లాగితే బాగానే ఉన్నానని, నాలుగుసార్లు లాగితే పైకి తీయమని.

మొదట్లో ఆ తాడు వేరే మనిషి పట్టేవాడట. సిగరెట్ వెలిగించుకోవడానికి దాన్ని కాలికింద తొక్కిపెట్టాడని తెలిసి, మర్నాడు అత్తే పడవెక్కింది.

"ఇంట్లో పనేం లేదా అమ్మా?" అన్నాడట పడవ నడిపే సరంగు.

"ఇదీ ఇంటి పనే," అందట అత్త.

సెలవుల్లో నన్నూ తీసుకెళ్లేది. నేను వాగుతుంటే, "ఉండవే, మీ మావయ్య ఏదో అంటున్నాడు," అని తాడు వైపు చూసేది.

నాకు పదేళ్లప్పుడు రేవు ముఖద్వారంలో ఓ సరుకుల ఓడ మునిగింది. మావయ్య దిగిన కాసేపటికే తాడు నాలుగుసార్లు కదిలింది. అందరూ లాగారు. తాడు బిగుసుకుందే తప్ప రాలేదు.

"ఇంకా గట్టిగా పట్టండ్రా!" అని సరంగు అరిచాడు.

"చేతులు తీయండి!" అంది అత్త. "ఆయన ఓడలో ఏ గోడ మూలో చుట్టి వెళ్లుంటాడు, తాడు అక్కడ పట్టేసింది. మనం లాగితే ఆ మూలకే నొక్కేస్తాం. వదిలితే వచ్చిన దారినే తిరిగొస్తాడు."

తాడు వదులు చేసింది. ఉండుండి ఒకసారి మెల్లగా లాగేది. కింద నుంచి ఒకటి బదులొచ్చేది. ఓసారి రాలేదు. పంపు కొట్టేవాళ్లు తప్ప ఎవరూ కదల్లేదు. అత్త మళ్లీ లాగింది. బదులొచ్చింది. ఇంకాసేపటికి తాడు తేలిగ్గా చేతిలోకి రాసాగింది.

పైకొచ్చి ఊపిరి తీసుకున్నాక మావయ్య, "ఏమే, అంతసేపూ ఒకే మాటా?" అన్నాడు.

"నాకొచ్చింది అదే మరి," అంది. తాడు మాత్రం ఇంకా చేతిలోంచి వదల్లేదు. ఆయన నడుము ముడి నేనే విప్పాను.

వీపున గాలి సిలిండర్లు కట్టుకుని దిగే రోజులొచ్చాక తాడు పట్టే పని పోయింది. అత్త లాంచీల రేవులో టికెట్లు చింపే ఉద్యోగంలో చేరి, అక్కడే రిటైరైంది. మావయ్య పోయి ఆరేళ్లు. అత్త ఇప్పుడు మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. ఆదివారం వెళ్తే ఆ పడవ కబుర్లే.

"తొమ్మిదేళ్లు కూర్చున్నానే, ఒక్క ఓడా కంటితో చూడలేదు," అంది మొన్న. "ఒట్టి నీళ్లు. అయినా అలా కూర్చోవడం ఎంత బాగుండేదో!"