ఏడో గ్రీన్ నడుము పల్లం

ఇవాళ పొద్దున ఏడో గ్రీన్ మీద ఇసుక చల్లిస్తుంటే తడి ఇసుక వాసన ముక్కుకు తగిలింది. వెంటనే వెనక ఎవరో నిలబడి నన్ను కనిపెడుతున్నట్టు అనిపించింది. మునిరత్నం మామ పోయి నాలుగేళ్లయింది. అయినా ఆ వాసన వస్తే చాలు, ఆయన చూపు వీపున గుచ్చుకుంటుంది. తిరువళ్లూరు నుంచి తిరుత్తణి పోయే దారి పక్కనున్న ఈ గోల్ఫ్ మైదానంలో గడ్డి పనికి ఆయనే పెద్ద. ఆయన కింద కూలికి చేరిన నేను ఇప్పుడు ఆయన పని చేస్తున్నాను. అంత అనుమానపు మనిషిని మరొకరిని చూడలేదు. గీసిచ్చిన పటాన్ని నమ్మడు, కొలిచే పరికరాన్ని నమ్మడు. దోసెడు నీళ్లు గ్రీన్ మీద పోసి, అవి ఎటు పోతాయో వంగి చూసేవాడు.

గ్రీన్ అంటే బంతి పడాల్సిన గుంట ఉండే చోటు. అక్కడ గడ్డిని చాపలా కురచగా కత్తిరిస్తాం. మామూలుగా అది గుండ్రంగానో కోలగానో ఉంటుంది. మా ఏడోది మాత్రం జీడిపప్పులా వంగి ఉంటుంది. వంపులో ఇసుక గొయ్యి, నడుము దగ్గర గొయ్యి వైపు జారే పల్లం. ఎడమన చెరువు పక్కగా ధైర్యంగా కొట్టుకొచ్చినవాడికి గ్రీన్ నిలువునా తెరుచుకుంటుంది. నీళ్లకు జడిసి కుడివైపు వెడల్పాటి దారి పట్టినవాడి బంతి ముందు కొసన ఆగుతుంది. గుంట అవతలి కొసన ఉందంటే వాడి పని అయిపోయినట్టే. నేరుగా దొర్లిద్దామంటే గొయ్యి అడ్డం. నడుము మీదుగా తిప్పితే పల్లం బంతిని ఇసుకలోకి లాగేస్తుంది.

"వెడల్పు దావ కనపడితే అది యాడికి పిలస్తా ఉందో చూసుకోవాల మ్మే. ఊరికే ఎవురూ దావ ఇయ్యరు" అనేవాడు మామ.

నాకది ఎక్కలేదు. వరిమడి చేసుకునే ఇంట్లో పుట్టినదాన్ని, పల్లం కనపడితే చేతులు ఊరుకోవు. గడ్డి గట్టిపడేందుకు గ్రీన్ మీద పల్చగా ఇసుక చల్లే పని నాకు అప్పగించాక, ప్రతిసారీ నడుము దగ్గర రెండు బుట్టలు ఎక్కువ పోసి పలకతో సమం చేశాను. మంచి పని చేస్తున్నానని మురిసిపోయాను కూడా. కొన్ని నెలలకు పల్లం మాయమైంది. క్లబ్బు పోటీ రోజున కుడి దారిన వచ్చిన ఒక పెద్దమనిషి నడుము మీదుగా బంతిని హాయిగా దొర్లించి గెలిచాడు. ఆ సాయంత్రం మామ అక్కడ నీళ్లు పోశాడు. అవి కదలకుండా నిలిచాయి.

"ఎవురు చెయ్యమన్నారు నిన్ను? ఆ సారేనా?"

"ఎవురూ చెప్పలే మామా. పల్లముంటే పూడ్చాల గదా అని నేనే పూడ్చినా. మా మడిలో అట్లనే చేస్తాం."

"మడి కత నాకు చెప్పాకు. రేపట్నించి గ్రీను మీద కాలు పెట్టాకు. నిజం తేలినాక నువ్వు పన్లో ఉంటావో లేదో చూస్తా."

పది రోజులు దారి పక్క కలుపు తీయించాడు. మా ఇంట్లో నెల జీతం నా ఒక్కదానిదే. అది పోతుందేమోనన్న భయం కన్నా, మోసగత్తెనన్న మాటకే ఎక్కువ మండిపోయాను. అసలు ఆ సారుతో లోపాయికారీ ఒప్పందం మామకే ఉందేమో, నన్ను ముందుకు తోస్తున్నాడేమోనని నేనూ అనుమానపడ్డాను.

పదకొండో రోజు, కనకమ్మ సత్రం దగ్గరి మా ఊళ్లో నేనూ మా నాయనా మడికి నీళ్లు పెడుతుంటే గట్టు మీద మామ మోపెడ్ ఆగింది. పలకరింపు లేదు. చెప్పులు విప్పి మడిలోకి దిగి, నాలుగు మూలలా నీళ్లలో వేలు ముంచి లోతు చూశాడు. నాలుగు చోట్లా వేలికి ఒకే కణుపు దాకా తడి.

"ఈ మడి సదును చేసింది ఎవురు?" అని మా నాయనను అడిగాడు.

"మా పాపే అన్నా. పల్లం చూస్తే దానికి నిద్ర పట్టదు."

మామ నా వైపు తిరిగాడు. "రేపొచ్చి ఆ పల్లం మళ్లా నువ్వే తియ్యి. నిన్ను నమ్మినానని అనుకోవాకు. మడిని చూసినా, అంతే."

ఆయన అనుమానం నాకు నిండా అంటుకుంది. పోయినేడు గ్రీన్ మీద నూనె మరకలు పడి గడ్డి మాడిపోయింది. సెలవు ఇవ్వలేదన్న కోపంతో కోత మిషను నడిపే ఏళుమలై కావాలనే పోశాడనుకున్నాను. "ఒకసారి మిషను కింద చూడక్కా" అని ఎంత మొత్తుకున్నా వినకుండా పని మాన్పించాను. నెల తర్వాత మిషను కింద పగిలి కారుతున్న నూనె గొట్టం బయటపడింది. అప్పటికే అతను గుమ్మిడిపూండిలో ఏదో ఫ్యాక్టరీలో చేరాడు. వెతుక్కుంటూ వాళ్లింటికి వెళ్లాను. గుమ్మంలోనే నిలబెట్టి అడిగాడు.

"పది అడుగుల్లో ఉండే మిషను కాడికి రాలేకపోతివి. ఇంత దూరం ఎట్ల వచ్చినావక్కా?"