నూరిన గోలీ

ఆపరేషన్ అయిన కొత్తలో నన్ను ఎక్కువ విసిగించింది ఆకలి కాదు, మోకాళ్ళు. బరువు తగ్గితే అవి తేలికపడతాయన్న ఆశతోనే కడుపు కోయించుకున్నాను. ముప్పావు వంతు కడుపు తీసేశారు. బరువు తీరుబడిగా దిగుతోంది గానీ మోకాళ్ళకు మాత్రం ఆ కబురు ఇంకా అందలేదు. అబిడ్స్‌లో నేను పాఠాలు చెప్పే బడికి లిఫ్టు లేదు. రెండో అంతస్తు ఎక్కేసరికి నోట మాట వచ్చేది కాదు.

అది బరువు తగ్గే ఆపరేషన్ అని మా ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇంట్లో అత్తమ్మకూ, బడిలో తోటి టీచర్లకూ పిత్తాశయంలో రాళ్ళని చెప్పాం. రాళ్ళంటే ఎవరూ నవ్వరు, పైగా జాలిపడతారు. నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుందని వెనకాల అనుకుంటుంటే వినే ఓపిక నాకు లేదు. చిన్నప్పటి నుంచీ నా ఒంటి గురించి మాట్లాడనివాళ్ళు లేరు. ఇక చాలనిపించింది.

ఇంటికి పంపే రోజున డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. మందుల షాపులో అడిగి కొనుక్కునే నొప్పుల గోలీలు ఇక ముట్టుకోకూడదు, మిగిలిన కాస్త కడుపూ పుండు పడుతుంది. నొప్పికైనా జ్వరానికైనా పారాసెటమాలే, అదీ కొన్నాళ్ళు పొడి చేసుకుని వేసుకోవాలి. ఇంకేది వేసుకోవాలన్నా ముందు ఫోన్ చెయ్యాలి. వినడానికి ఇంతే. నాంపల్లిలో మా సందులో ఉంటూ ఇది పాటించడం ఎంత కష్టమో ఆవిడకేం తెలుసు.

మా సందు చివర మందుల షాపాయన నేను కుంటుతూ రావడం దూరం నుంచే చూసి, నోరు తెరిచేలోపు స్ట్రిప్ కత్తిరించి కాగితం కవర్లో వేసి పెడతాడు. ఏళ్ళుగా అదే నొప్పుల గోలీ. ఆయన డాక్టరు చీటీ అడగడు, నేను పేరు అడగను. మా ఇంట్లో ఒక బిస్కెట్ల డబ్బా నిండా అలాంటి ముక్కలే. కొన్నిటి మీద సగం పేరు ఉంటుంది, కొన్నిటి మీద అదీ ఉండదు. తలనొప్పికి ఏది, గ్యాసుకు ఏది అన్నది అత్తమ్మ రేకు రంగును బట్టి చెప్పేస్తుంది. పక్క పోర్షన్ల వాళ్ళు కూడా వచ్చి ఆ డబ్బాలోంచే పట్టుకుపోతారు.

మొదట్లో మా ఆయనే పారాసెటమాల్ నూరి ఇచ్చేవాడు. ఆయనకు గౌలిగూడలో స్పేర్ పార్టుల షాపు, పొద్దున్నే తాళం తియ్యాలి. కొన్నాళ్ళకు ఆ పని అత్తమ్మకు అప్పగించాడు. ఆమె యాలకులు దంచే చిన్న రోట్లో గోలీ నూరి, గోరువెచ్చని నీళ్ళలో కలిపి, నేను బయల్దేరే ముందు గ్లాసు చేతికిచ్చేది. చేదుగా ఉండేది. ఏ గోలీ నూరినా చేదే కదా. ఎవరైనా ఏదైనా చేసిపెడితే చాలనిపించిన రోజులవి, ఇదేమిటని అడిగే శక్తి కూడా లేదు. తాగేసి పోయేదాన్ని.

ఉన్నట్టుండి మోకాళ్ళ నొప్పి తగ్గింది. బరువు దిగిన ఫలమని లోలోపల సంబరపడ్డాను. వారం పైన గడిచాక ఒకరోజు బోర్డు మీద రాస్తుంటే కడుపులో మంట మొదలైంది. గుక్కెడు నీళ్ళు తాగితే ఇంకా మండింది. సుద్దముక్క పక్కన పెట్టి, సెలవు చెప్పి ఆటో ఎక్కాను. మొజంజాహీ మార్కెట్ దగ్గర సిగ్నల్లో ఆగినప్పుడు పొద్దున్నుంచి కడుపులోకి ఏమేం పోయాయో గుర్తు చేసుకున్నాను. మెత్తటి ఇడ్లీ ముక్క. మజ్జిగ. ఆ గ్లాసు. అక్కడ నాకు భయం వేసింది.

ఇంటికి రాగానే అడిగాను. "అత్తమ్మా, పొద్దుగాల నాకు ఏ గోలీ నూరిన్రు?"

ఆమె సంతోషంగా డబ్బా తెచ్చింది. "నీ పాత గోలీనే బిడ్డా. గా కొత్తది ఏం పని జేస్తలేకుండె. నువ్వు మెట్లు దిగుతుంటె నేను సూడలేకపోయిన. గిది ఏసినంక జర మంచిగ నడుస్తున్నవ్ గద."

నా చేతిలో పెట్టిన ముక్క మీద పేరు లేదు. కత్తెర సరిగ్గా అక్కడే పడింది. అయినా ఆ రేకు రంగు నాకూ తెలుసు. కోపం ముంచుకొచ్చింది గానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

డాక్టరమ్మకు ఫోన్ చేస్తే వెంటనే రమ్మంది. అత్తమ్మ నా వెంట వచ్చింది. గొంతులోంచి గొట్టం వేసి చూసి, కుట్ల దగ్గర ఎర్రగా ఒరుసుకుపోయిందన్నారు. ఇంకొన్నాళ్ళు తాగి ఉంటే పుండు పడి రక్తం కారేదట. మంటకు మందిచ్చి, మళ్ళీ పలచని జావకు దింపారు. ఇన్నాళ్ళ కష్టం మొదటికొచ్చింది. బయట బెంచీ మీద అత్తమ్మ పక్కన కూలబడ్డాను. ఇక అబద్ధం మోసే బలం లేదు.

"రాళ్ళు కావు అత్తమ్మా. లావు తగ్గనీకి కడుపు కోసి చిన్నగ జేసిన్రు. గా గోలీలు నాకు పడవు."

నోరు కట్టుకోలేకపోయినవా అని ఇప్పుడు అంటుంది, అనుకుంటూ ఎదురుచూశాను. ఆమె తన అరచేతులు చూసుకుంది. "నూరిన చెయ్యి నాది గద," అంది. "నీకేమన్న అయితె నేనేం గావాలె? నాకన్న ఒక్క మాట చెప్పకపోతివి."

నాకు ఏడుపొచ్చింది. ఎవరో నవ్వుతారని దాచాను. నన్ను చూసి ఎన్నడూ నవ్వని మనిషి దగ్గర కూడా దాచాను.

తిరిగొచ్చేటప్పుడు అత్తమ్మ మందుల షాపు దగ్గర ఆటో ఆపించింది. స్టేషన్ వైపు పోయే జనంతో కౌంటర్ నిండా రద్దీ. నన్ను చూసి షాపాయన అలవాటు కొద్దీ ఆ పాత స్ట్రిప్పే తీశాడు.

"గది వద్దు," అంది అత్తమ్మ, అందరికీ వినపడేలా. "మా కోడలి కడుపు కోసి చిన్నగ జేసిన్రు. గా గోలీలు ఇంకెన్నడు ఇయ్యకు."

కౌంటర్ దగ్గరున్న వాళ్ళంతా నా వైపు తిరిగారు. ఇన్నాళ్ళూ దేనికి భయపడ్డానో అది అయిపోయింది. సిగ్గుపడడానికి కూడా ఓపిక లేక అలాగే నిలబడ్డాను. షాపాయన ఆ స్ట్రిప్ లోపల పెట్టేసి, పారాసెటమాల్ తీసి కత్తెర అందుకున్నాడు.

అత్తమ్మ చెయ్యి చాపి ఆయన్ని ఆపింది.

"పేరున్న కాడ కొయ్యకు. నాకు సదువు రాకున్నా నా కోడలికి వస్తది. సదివినంకనే నూరుత."