రెడ్డెమ్మ గుప్పిట

రెడ్డెమ్మ చేసిన నేరమల్లా తాను పెంచిన పిల్లాడికి దిష్టి తియ్యడం. అదైనా దొంగచాటుగా తీసిందా అంటే, అదీ లేదు. పట్టపగలు, వంటింట్లో, ఆ పిల్లాడు గుడ్డట్టు నములుతూ తల వంచి నిలబడితే తీసింది. దానికి ఆమెను మంత్రగత్తె అన్నారు. జనం కిక్కిరిసిన స్టేడియంలో, పదిమంది వినేలా అన్నారు. వినేవాళ్లకు నవ్వొస్తుందేమో గానీ, వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, దయ మీద పరాయి దేశంలో బతికే ఆడమనిషికి అది నవ్వులాట కాదు. కువైట్‌లో చేతబడి అంటే పోలీసుల దాకా పోయే మాట.

రెడ్డెమ్మది రాయచోటి అవతల ఒక పల్లె. మొగుడు ఇంకో సంసారం చూసుకున్నాక, పాలు మరవని కూతురు చంద్రికను అక్క ఒళ్లో పెట్టి విమానం ఎక్కింది. ఏజెంటు వంటపని అని చెప్పాడు. తీరా కువైట్‌లో మిష్రిఫ్ అనే పేటలోని విల్లాకు చేరేసరికి ఇంటావిడ ఆమె చేతికి గరిటె కన్నా ముందు, ముక్కు కారుతూ ఏడుస్తున్న పిల్లాణ్ణి ఇచ్చింది. వాడే బదర్. ఇంటావిడను పనివాళ్లందరూ మామా, అంటే అమ్మా, అని పిలవాలి, అక్కడి వాడుక అది. మామా చెడ్డదని రెడ్డెమ్మ ఏనాడూ అనలేదు. జీతం ఆపలేదు, చెయ్యి చేసుకోలేదు. ఈ రెండూ లేని ఇల్లు దొరికితే చాలు, మనవాళ్లు దేవుడే ఎదురొచ్చినట్టు చెప్పుకుంటారు. మన ఆశలు అంత చిన్నవైపోయాయి మరి!

చంద్రిక తినాల్సిన ముద్దలు బదర్ తిన్నాడు. చంద్రిక వినాల్సిన జోలలు బదర్ విన్నాడు. ఒకసారి ఏదో పెళ్లి విందుకు పోయొచ్చి పిల్లాడు ఒళ్లు కాలిపోతూ పడుకున్నాడు. మందు వేసినా జ్వరం దిగకపోతే రెడ్డెమ్మ తన ఊళ్లో చేసేదే చేసింది. గుప్పెడు రాళ్లుప్పు, నాలుగు ఎండుమిరపకాయలు, దువ్వెనలో చిక్కిన వాడి వెంట్రుక ఒకటి గుప్పిట్లో పట్టి, వాడి తలచుట్టూ మూడుసార్లు తిప్పి, ఆ గుప్పిట్లోకి థూ థూ అని ఉమ్మించింది. తెల్లారేసరికి పిల్లాడు లేచి ఆడుకున్నాడు. మందు పనిచేసిందో ఉప్పు పనిచేసిందో మనకెందుకు? వాడు మాత్రం ఉప్పే అని నమ్మాడు.

అప్పటినుంచి పరీక్షయినా, పండగయినా, కొత్త బట్టలయినా "దిష్టి, రెడ్డెమ్మా" అంటూ వంటింట్లోకి వచ్చేవాడు. వాడు నేర్చిన మొదటి తెలుగు మాట అదే. తాటిచెట్టంత ఎదిగి ఆమె చెయ్యి అందకుండా పోయాక, గుప్పిట పైకి లేవడం చూస్తూనే తనే నడుం దాకా వంగేవాడు. కళ్లు మూసుకుని, ఉమ్మడానికి పెదవులు ముడిచేవాడు. ఆ వంగిన తల చూస్తే రెడ్డెమ్మకు కడుపు నిండేది. సొంత కూతురికి మాత్రం ఫోను చుట్టూ గుప్పిట తిప్పి తీసేది. ఏం చేస్తుంది?

బడిలో మాస్టరు బదర్ చేతికి డిస్కస్ అనే బరువైన చక్రం ఇచ్చింది వాడికి మీసాలు రాకముందే. రెడ్డెమ్మ దాన్ని బిళ్ల అనేది, వాడూ ఇంట్లో బిళ్ల అనే అనేవాడు. చలికాలంలో ఆ ఇంటివాళ్లు ఎడారిలో గుడారాలు వేసుకుని వారాల తరబడి ఉంటారు. అక్కడ బదర్ గిర్రున తిరిగి బిళ్ల విసిరేవాడు, రెడ్డెమ్మ ఇసకలో పడుతూ లేస్తూ పోయి తెచ్చేది. మళ్లీ విసిరేవాడు, మళ్లీ తెచ్చేది. పేపర్లో ఫోటో మాత్రం విసిరినవాడిదే వేశారు. ఆమె అది కత్తిరించి తన గది తలుపుకు అంటించుకుంది.

తీసిన దిష్టిని నిప్పుల్లో వెయ్యాలి. ఎడారిలో కట్టెల మంట ఉండేది కాబట్టి ఇబ్బంది లేదు. ఇంట్లో ఒకసారి స్టవ్ మీద వేస్తే మిరపకాయల పొగకు పైకప్పులోని అలారం ఇల్లంతా అదిరేలా కూసింది. అది మొదలు ఆమె దిష్టిని గుడ్డముక్కలో మూటగట్టి డ్రైవర్ బాబ్జాన్‌కు ఇచ్చేది. బాబ్జాన్‌ది కడప. చిన్నప్పుడు దర్గాలో తాయెత్తు కట్టించుకున్న మనిషి కాబట్టి ఎదురు ప్రశ్న వెయ్యకుండా, దారిలో ఏ నాలుగు రోడ్ల కూడలిలోనో పారేసేవాడు.

ఈ ఏడాది పలు దేశాల అథ్లెటిక్స్ పోటీలు కువైట్‌లో పెట్టారు. మగవాళ్ల డిస్కస్‌లో బదర్ ఉన్నాడు. ఆ పొద్దున మామా బఖూర్ కుంపటి పట్టుకుని కొడుకు చుట్టూ సుగంధపు పొగ తిప్పింది, పెదవుల మీదే ఏదో చదివి ముఖం మీద ఊదింది. కొడుక్కి ఎవరి కన్నూ తగలకూడదని. ఆ కొడుకు అట్నుంచి అటే వంటింట్లోకి వచ్చి రెడ్డెమ్మ ముందు తల వంచాడు. ఎవరి కన్నూ తగలకూడదనే. ఒకే జబ్బుకు ఇద్దరు తల్లులు చెరో మందు వేశారు, అంతే కదా!

మూట బాబ్జాన్‌కు ఇద్దామంటే మామా అప్పటికే కారెక్కి యల్లా, యల్లా అని తొందరపెడుతోంది. రెడ్డెమ్మ దాన్ని ఖర్జూరాల బుట్ట అడుక్కు తోసి, ఎప్పటిలా సామాన్లతో పాటు కారు చివరి వరసలో కూర్చుంది. దిగేటప్పుడు ఇవ్వొచ్చులే అనుకుంది. దిగేటప్పుడేమో ఫ్లాస్కులు, దిండ్లు, మామా చెల్లెలి పసిబిడ్డ, అన్నీ ఆమె చేతులకే వచ్చాయి. మూట సంగతి మరిచిపోయింది. ఆమె తప్పు ఏదైనా ఉందంటే ఈ మరుపొక్కటే.

డిస్కస్ ఆట చూడ్డానికి సులువు. చుట్టూ వల కట్టిన గుండ్రటి గచ్చులో నిలబడి, గిర్రున తిరిగి, ఎదురుగా గీసిన రెండు గీతల మధ్య పడేలా విసరాలి. గచ్చు అంచు తొక్కితే ఎర్రజెండా ఎత్తుతారు. ముందు మూడు అవకాశాలు ఇస్తారు. అందులో ముందున్న ఎనిమిది మందికే మరో మూడు. బదర్ మొదటి బిళ్ల నేరుగా పోయి వలలో పడింది. రెండోది దూరమే పోయింది గానీ కాలు అంచు మీద పడింది. ఎర్రజెండా లేచింది. జనం ఉసూరుమన్నారు. ఇంకొక్కటే మిగిలింది.

మామా కంగారులో ఖర్జూరం కోసం బుట్టలో చెయ్యి పెట్టింది. చేతికి మూట తగిలింది. విప్పి చూసింది. ఉప్పు, మిరపకాయలు, వాటికి చుట్టుకుని నల్లటి వెంట్రుక.

పక్కన కూర్చున్న చెల్లెలు, బదర్ ఖాలా అని పిలిచే ఆవిడ, చూస్తూనే కేక పెట్టింది. "సిహర్! చేతబడి! పిల్లాడి వెంట్రుక కట్టేశారు. అందుకే వాడి చెయ్యి ఆడటం లేదు."

ముందు వరసలవాళ్లు వెనక్కి తిరిగారు.

"ఇది ఎవరు పెట్టారు?" అడిగింది మామా.

"నేనే మామా," అంది రెడ్డెమ్మ తడుముకోకుండా. "కన్ను తగలకుండా తీశాను. మీ బఖూర్ లాంటిదే ఇదీ. చిన్నప్పటినుంచీ తీస్తున్నాను, బదర్‌కు తెలుసు. వాణ్ణే అడగండి."

అడగడానికి వాడు మైదానంలో ఉన్నాడు. నమ్మడానికి ఇక్కడ ఎవరూ లేరు. ఖాలా రెడ్డెమ్మ ఒళ్లోంచి పసిబిడ్డను లాక్కుంది, విషప్పురుగు దగ్గరనుంచి లాక్కున్నట్టు. అన్నిటికన్నా అదే రెడ్డెమ్మకు మండింది. మామా తిప్పితే దీవెన, రెడ్డెమ్మ తిప్పితే చేతబడి! పొగకున్న మర్యాద ఉప్పుకు లేకపోయింది. ఇన్నేళ్లూ ఆమె చేత్తో వేసిన ఉప్పు తిన్నవాళ్లు, ఆ చేతిలోని గుప్పెడు ఉప్పును చూసి జరిగి కూర్చున్నారు. ఖాలా సీసాలో నీళ్లు తీసుకుని, ప్రార్థన చదివి, ఆ మూట మీద పోసింది.

మైకులో బదర్ పేరు పిలిచారు. రెడ్డెమ్మ ఆ కోపంతోనే లేచి నిలబడింది. వాడు గచ్చులో కాలు పెట్టగానే ఆమె నోరు అలవాటు కొద్దీ, "పో నాయినా, పో" అంది. బిళ్ల పోయింది. గీతల మధ్య, పచ్చగడ్డి మీద చాలా దూరాన దిగింది. తెల్లజెండా లేచింది. స్టేడియం హోరెత్తింది. ఎనిమిది మందిలో చోటు దొరికింది, ఆఖరుకు మూడో స్థానం, పతకం.

"చూశావా అక్కా?" అంది ఖాలా. "నేను నీళ్లు పోశాను, కట్టు తెగింది."

ఇంకేం చెప్పాలి? వాడు ఓడితే రెడ్డెమ్మ చేతబడి చేసినట్టు. గెలిస్తే ఆ చేతబడి విరిగినట్టు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, వాడి మంచి కోరి తీసిన దిష్టి ఆమె మెడకే చుట్టుకుంది. అయినా రెడ్డెమ్మ ధైర్యంగానే నిలబడింది. బదర్ వస్తాడు, ఒక్క మాట చెప్తాడు, అంతటితో తీరిపోతుంది.

బదర్ వచ్చాడు. భుజాన జెండా, వెనక కోచ్, తోటి ఆటగాళ్లు, చుట్టూ ఫోన్లు ఎత్తిపట్టిన చేతులు. మామా గ్యాలరీ ముందున్న కమ్మీల మీదుగా తడిసిన గుడ్డను చూపించింది. "ఇది నీకు తెలుసా?"

వాడు గుడ్డ వైపు చూశాడు. రెడ్డెమ్మ వైపు చూశాడు. ఫోన్ల వైపు చూశాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

"తెలీదు," అన్నాడు. "ఎప్పుడూ చూడలేదు."

దేశం జెండా కప్పుకున్నవాడు, పొద్దున పనిమనిషి ముందు వంగి ఉప్పులో ఉమ్మానని అంతమందిలో ఎలా చెప్తాడంటారా? చెప్పాలి! ఆ మాత్రం చెప్పలేనివాడికి అంత ఒళ్లెందుకు, అంత బలమెందుకు? రెడ్డెమ్మకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా భగ్గుమంది.

"ఖలాస్," అంది మామా. "పోయి కారులో కూర్చో. రేపు పోలీసులకు చెప్పుకో."

కారు దగ్గర బాబ్జాన్ సంగతి విని తల పట్టుకున్నాడు.

"రెడ్డెక్కా, గమ్మునుండు. ఇంటికి పోయినాక మామా కాళ్లు పట్టుకో. టికెట్టిచ్చి ఊరికి పంపిస్తారు, అంతటితో పోతాది."

"నేనేల పట్టుకోవల్ల? నేనేం తప్పు జేసినా?"

"తప్పొప్పులు ఎవురు జూస్తారక్కా ఈడ? వాళ్లు సిహర్ అంటే సిహరే."

"ఊరికి పోయేదానికి నాకేం బయం ల్యా బాబ్జాన్. మంత్రగత్తె అనిపించుకోని మాత్రం పోను. చంద్రిక అడిగితే ఏమని చెప్పల్ల? పరాయి బిడ్డకు చెడుపు జేసి వచ్చినానని చెప్పల్లనా?"

"ఆ పిల్లోడే తెలీదన్న్యాక నువ్వేం జేస్తావు?"

రెడ్డెమ్మ తన కుడిచేతి వైపు చూసుకుంది.

"వాని నోరు అబద్దం జెప్పింది," అంది. "వాని మెడ కూడా చెప్తాదేమో చూస్తా."

మళ్లీ స్టేడియం గేటు వైపు నడిచింది. వెనక బాబ్జాన్ "అక్కా, వొద్దక్కా" అంటూనే ఉన్నాడు.

గేటు ముందు మెట్ల మీద ఇంటిల్లిపాదీ ఫోటోలు దిగుతున్నారు. మధ్యలో బదర్, మెడలో పతకం. ఎదురుగా కోచ్, చుట్టాలు, తెలియని జనం, అన్నీ ఫోన్లే. రెడ్డెమ్మ వాళ్లందరినీ తోసుకుంటూ పోయి బదర్‌కు ఎదురుగా నిలబడింది.

"మళ్లీ వచ్చింది, పట్టుకోండి!" అంది ఖాలా.

రెడ్డెమ్మ కుడిచెయ్యి గుప్పిట బిగించి, అందినంత పైకి ఎత్తింది.

"బదర్," అంది, వంటింట్లో పిలిచే గొంతుతో.

బదర్ వంగాడు. ఆలోచించి వంగలేదు. గుప్పిట లేచింది, తల వంగింది. నడుం దాకా వంగి, కళ్లు మూసుకుని, ఉమ్మడానికి పెదవులు ముడిచాడు. మెడలో పతకం గాల్లో వేలాడింది. తల చుట్టూ గుప్పిట తిరగలేదు. వాడు కళ్లు తెరిచాడు. తానెక్కడున్నాడో, ఏం చేశాడో అప్పుడు తెలిసొచ్చింది. నిటారుగా నిలబడే ధైర్యం రాక అలాగే వంగి ఉండిపోయాడు.

మామా రెడ్డెమ్మ వైపు చూడలేదు. కొడుకు ముడిచిన పెదవుల వైపే చూస్తోంది.

"నీకు తెలుసు," అంది.

"తెలుసు," అన్నాడు బదర్ నేల చూస్తూ. "పొద్దున నేనే అడిగాను."

రెడ్డెమ్మ దిష్టి తియ్యలేదు. వాడి తలమీద గుప్పిట విప్పి, ఖాళీ అరచెయ్యి అందరికీ కనిపించేలా చాపింది. ఎన్నేళ్లుగానో ఆ తల మీద తిరిగిన చెయ్యి అది. ఆ పూట వాడి జుట్టునైనా తాకకుండా కిందికి దిగింది.

"రేపు పోలీసుల దగ్గరికి పోదామన్నారు కదా మామా," అంది. "పోదాం. వీణ్ణి కూడా తీసుకునే పోదాం."

అని గిరుక్కున తిరిగి వెళ్లి కారెక్కింది. చివరి వరసలోకి పోలేదు. మధ్య వరసలో, కిటికీ పక్కన, మామా కూర్చునే చోట కూర్చుని తలుపు వేసుకుంది.